పడుగు పక్కన హాజరు

"ఎవరికైనా అభ్యంతరం ఉందా?" అని అడిగాడు విద్యాశాఖ నుంచి వచ్చిన అధికారి.

మా వాడ బడి వరండాలో ముప్పై మందిదాకా ఉన్నాం. ఆడవాళ్లు చాప మీద, మగవాళ్లు గోడకు ఆనుకొని. ఒకాయన ఫోను చూసుకుంటున్నాడు, ఒకాయన పైకప్పు చూస్తున్నాడు. నేను కూడా వెంటనే మాట్లాడలేదు. భయపడి కాదు. నాకంటే ముందు వాడవాళ్లు ఎవరు మాట్లాడతారో చూద్దామని ఆగాను.

నేను సిరిసిల్లలోని ఈ వాడ విడిచి చాలా ఏళ్లయింది. జగిత్యాలలో నర్సుగా పనిచేసి, సారంగాపూర్ వైపు ఊళ్లన్నీ తిరిగి పిల్లలకు సూదులు పొడిచి, వాళ్ల పిల్లలకు కూడా పొడిచి, రిటైరై అక్కడే ఉండిపోయాను. నాలుగు రోజుల కింద సిరిసిల్ల నుంచి నా మేనకోడలు, అంటే మా తమ్ముడి కూతురు, ఫోన్ చేసింది. "అత్తా, మన బడి మూస్తరట. పదకొండు మందే ఉన్నరని రోడ్డు అవతలి పెద్ద బడిల కలుపుతరట. నువ్వు రావాలె. నువ్వొస్తే జర మాట నడుస్తది" అంది. మాట నడిచే సంగతేమో గానీ, నా నోటికి జడుస్తారని దాని నమ్మకం. పొద్దున బస్సెక్కి వచ్చాను.

ఆ అధికారిని తప్పుపట్టను. చిన్నవాడు, మర్యాదస్తుడు. నాకు కుర్చీ వేయించి తను నిలబడే మాట్లాడాడు. ఒక్క టీచరు ఐదు తరగతులకు ఎలా చెబుతుంది, పెద్ద బడిలో తరగతికో టీచరు ఉంటుంది, కంప్యూటర్లున్నాయి, ఆటో కూడా పెడతాం అన్నాడు. అబద్ధమేమీ లేదు. నేను తలూపుతూనే విన్నాను.

ఎవరైనా లేస్తారేమోనని చూస్తుండగా వెనకవైపు నుంచి గంజి వాసన వచ్చింది. వంటమనిషి పిల్లల అన్నం వారుస్తోంది. వేడి గంజి వాసన తగిలిందంటే చాలు, నేను ఎక్కడున్నా నాలుగో తరగతిలోకి వెళ్లి కూర్చుంటాను. ఇదే వాడ, ఇదే బడి.

అప్పట్లో ఈ వాడంతా గుంటమగ్గాలే. ఊళ్లో అక్కడక్కడా సాంచలు మొదలయ్యాయి గానీ, కరెంటుతో నడిచే ఆ మగ్గాల చప్పుడు మా దాకా ఇంకా రాలేదు. మా బాపు పొద్దస్తమానం గుంటలో కాళ్లు పెట్టుకొని నేసేవాడు. మనిషి మాట్లాడింది తక్కువ. దూది తల నిండా అంటుకొని, ముప్పై ఏళ్లకే ముసలాడిలా కనిపించేవాడు. మా అవ్వ, అంటే మా అమ్మ, రాట్నం ముందు; మా బాపమ్మ ఎక్కడ పనుంటే అక్కడ. బాపమ్మకు చెవులు సరిగా వినిపించవు. వినిపించదు కాబట్టి ప్రపంచానికి కూడా వినిపించదనుకొని అరిచి మాట్లాడేది. నా గొంతు ఆమె నుంచే వచ్చిందని అందరూ అంటారు, నేను కాదనను.

పిల్లలకు పొద్దున లేవగానే కండెలు చుట్టే పని. మగ్గం మీద అటూ ఇటూ ఉరికే నాడెలో పెట్టే ఆ చిన్న కండెలకు నూలు చుట్టి, తట్టనిండా బాపు పక్కన పెట్టి, అప్పుడు బడికి. ఎవరింట్లో పని ఎక్కువుంటే వాళ్లు ఆ రోజు రారు. అందుకే బడిలో ఒకరోజు పన్నెండు మంది, ఒకరోజు ఏడుగురు. అమావాస్యనాడు మా వాడలో మగ్గం దిగేవాళ్లు కాదు, ఆ రోజు మాత్రం బడి కిటకిటలాడేది. సారు నవ్వేవాడు. "నెలకు రెండు అమావాస్యలుంటే మీరందరు కలెక్టర్లయితుండిరిరా" అనేవాడు.

బడి అంటే ఒక గది, ఒక వరండా, వెనక నడుమెత్తు గోడ. సారు ఒక్కడే. పక్క ఊరి నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. సీజనుకు సీతాఫలాలు, రేగుపండ్లు సంచిలో తెచ్చి లెక్క సరిగ్గా చెప్పినవాళ్లకు ఇచ్చేవాడు, చెప్పనివాళ్లకు కూడా ఇచ్చేవాడు. మేం అలసంద గుడాలు జేబుల్లో పోసుకొచ్చి ఆయన బోర్డు వైపు తిరగగానే నమిలేవాళ్లం. ఆయన వెనక్కి తిరక్కుండానే "నాకు నాలుగు పెట్టుండ్రి" అనేవాడు.

బడి గోడకు ఇంకో కథ. పొద్దున వచ్చేసరికి దాని మీద ఎర్రరంగు అక్షరాలుండేవి. అన్నలు, అంటే నక్సలైట్లు, రాత్రి రాసి పోయేవాళ్లు. సారు గబగబా సున్నం పూసేవాడు, ఎందుకంటే పోలీసు జీపు వస్తే ఆయన్నే అడుగుతారు. పది రోజులకు మళ్లీ రాత. ఆ అక్షరాలు చేతెడంత పెద్దవి, గుండ్రంగా అందంగా ఉండేవి. ఒకటో తరగతి పిల్లలు వరుసగా నిలబడి కూడబలుక్కొని గట్టిగా చదివేవాళ్లు. సారుకు చెమటలు పట్టేవి. "గోడ సదవకుండ్రా నాయినా, పుస్తకం సదువుండ్రి!" అని బతిమాలేవాడు. నిజం చెప్పొద్దూ, మా వాడలో సగం మందికి గుణింతాలు వచ్చింది ఆ గోడ మీదే.

జీపంటే అప్పట్లో మాకు ఒక్కటే అర్థం. ఆ చలికాలంలో రెండుసార్లు వచ్చింది. రెండోసారి మాకు మూడో ఇంటి పిల్లగాణ్ని తీసుకుపోయారు. అన్నలకు అన్నం పెట్టిండని అనుమానం. నాలుగు రోజులకు వదిలారు గానీ, నెలరోజులు గుంటలోకి కాళ్లు దింపలేకపోయాడు. వాళ్లమ్మ ఆవాల నూనె కాచి రాస్తూ ఏడ్చిన ఏడుపు నాకింకా వినిపిస్తుంది. అప్పటినుంచి ఎక్కడ జీపు చప్పుడు వినబడినా వాడంతా తలుపులు మూసేది. ఎవరూ చెప్పనక్కర్లేదు. తల్లులు పిల్లల్ని రెక్క పట్టి లోపలికి లాగేవాళ్లు. పిల్లలమైతే చప్పుడు వినగానే మా అంతట మేమే మాయం.

ఇట్లా ఉండగా ఎండాకాలం మొదట్లో సారు ఒకరోజు ఇంటింటికీ తిరిగాడు. మా ఇంటి అరుగు మీద కూర్చొని సల్ల తాగుతూ చెప్పాడు. "ఈ పదిహేను దినాలల్ల పైనుంచి తనిఖీ సారు వస్తడు. ఏ దినమో చెప్పరు. అచ్చినప్పుడు బడిల ఇరవై మంది కనవడాలె. లేకుంటే బడి తీసేసి రోడ్డవతలి బడిల కలుపుతరట. నా రిజిస్టర్ల ఉన్నదే ఇరవై మంది. ఒక్కరు తక్కువైనా పోతది."

మా అవ్వ నా వైపు చూసింది. బాపు తల ఎత్తకుండానే అన్నాడు. "పోతే పోనీ సారూ. నడుమల పోలీసు క్యాంపున్నది. అంత దూరం ఆడివిల్లను నేను పంప. ఇంట్లనే ఉండి కండెలు చుట్టుకుంటది."

"గట్లంటే ఎట్లనే? మంచిగ సదువుతది పిల్ల."

"సదివి ఏం జేస్తది సారూ?"

నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. ఏం చేస్తానో నేను చేసి చూపించాను కదా అని. అంతకు నెల ముందే తమ్ముడికి జ్వరమొస్తే కాంపౌండరు మందుబుడ్డి ఇచ్చి చీటీ అతికించాడు. ఇంట్లో చదవగలిగింది నేనొక్కదాన్నే. "దినానికి మూడుసార్లు, రెండు చెంచాలు" అని చదివి నేనే తాగించాను. తర్వాత వాడలో ఎవరింటికి మందుబుడ్డి వచ్చినా నా దగ్గరికే తెచ్చేవాళ్లు. నేను పెద్ద డాక్టరమ్మలాగా ఎత్తిపట్టి చూసి చదివేదాన్ని. అదంతా బాపు చూడలేదా? ఆ రోజు రాట్నం దగ్గర కూర్చొని నూలు తెంపి తెంపి పెట్టాను. అవ్వ వీపు మీద ఒకటి వేసింది.

కానీ వాడ ఆడవాళ్లు మాట అనుకున్నారు. ఆ పదిహేను రోజులు ఎవరూ పిల్లల్ని ఆపకూడదు, కండెలు వాళ్లే చుట్టుకోవాలి. బాపు కాదనలేదు, ఔననలేదు. ఒంటిపూట బడి కాబట్టి ఏడున్నరకల్లా అందరం ఉండేవాళ్లం. అంతకుముందు వచ్చిన తనిఖీ సారు బస్సు దిగి గొడుగేసుకొని నడిచి వచ్చాడట. కాబట్టి మా కళ్లన్నీ గొడుగు కోసమే.

ఆ రోజు మా ఇంటి పడుగుకు గంజి పెట్టే రోజు. నేతకు ఎక్కించే ముందు నిలువు నూలును వాడ పొడవునా కొయ్యల మధ్య పరిచి, గంజి పట్టించి, అటూ ఇటూ మనుషులు నిలబడి కుంచెలతో దువ్వాలి. ఆరేదాకా దువ్వుతూనే ఉండాలి. ఆపితే పోగులు ఒకదానికొకటి అతుక్కొని పడుగంతా తాడై కూర్చుంటుంది, నెల తిండి పోతుంది. ఇరుగుపొరుగు అందరూ వచ్చి చెయ్యి వేస్తారు, రేపు వాళ్లింటి పడుగుకు మేం వెళ్తాం. పరిచిన పడుగును ఎవరూ దాటరు, కిందనుంచి దూరరు. పెళ్లి ఊరేగింపైనా చుట్టూ తిరిగి పోవాల్సిందే. తెల్లవారకముందే గంజి కాచారు. మేం పిల్లలం బడికి పోతూ పోతూ డేగిసాలో చెయ్యి పెట్టి, ఉప్పు కారం చల్లుకొని నాలుగు వేళ్లు నాకాం. బాపమ్మ కుంచె విసిరింది, తగల్లేదు.

బడిలో ఆ రోజు పంతొమ్మిది మందిమి ఉన్నాం. రాని ఒక్కడికి ఆటలమ్మ పోసింది, ఇంట్లో వేపాకు మీద పడుకోబెట్టారు. సారు ఎక్కాలు చెప్పిస్తున్నాడు. పన్నెండో ఎక్కం సగంలో ఉండగా జీపు చప్పుడు.

ఎవరు ముందు లేచారో తెలియదు. పలకలు ఎక్కడివక్కడ పడ్డాయి. వెనక గోడ దూకి, సందులు పట్టి, ఎవరిళ్లలోకి వాళ్లం. "ఆగుండ్రి! ఆగుండ్రిరా!" అని సారు అరుస్తూనే ఉన్నాడు. నేను పెరటి తలుపు తోసుకొని వచ్చేసరికి బాపు, అవ్వ అప్పటికే పడుగు వదిలి లోపల ఉన్నారు. బాపు నన్ను దగ్గరికి లాక్కొని నోటి మీద చెయ్యి పెట్టాడు. ఆ చేతికంతా గంజి.

వచ్చింది తనిఖీ సారే. బస్సు తప్పిపోయి ఎవరిదో ఆఫీసు జీపు అడిగి తెచ్చుకున్నాడట. ఆ సంగతి మాకెలా తెలుస్తుంది? పడుగు అడ్డముంటే జీపు వాడ మొదట్లోనే ఆపించి, గోడ పక్కనుంచి నడిచి బడికి పోయాడు. మా ఇంటికీ బడికీ మధ్య రెండిళ్లే. ఆయన మాట స్పష్టంగా వినిపించింది. కోస్తా వైపు మాట, పుస్తకంలాగా ఉంది.

"పిల్లలేరండీ?"

"ఇప్పుడే ఉండిరి సార్. పలకలు సూడుండ్రి, ఇంక తడి ఆరలేదు. జీపు సప్పుడిని ఉరికిండ్రు."

"అందరూ ఏదో ఒకటి చెబుతారు మాస్టారూ. నేను చూసిందే రాయాలి. లేరు కాబట్టి లేరని రాస్తున్నాను."

అయిపోయింది, ఇక రాట్నమే అనుకున్నాను. బాపు చెయ్యి కొరుకుదామా అని కూడా అనిపించింది. ధైర్యం చాలలేదు.

అప్పుడు వినిపించింది మా బాపమ్మ కేక. ఆమెకు జీపు చప్పుడు వినిపించనే లేదు. వంచిన తల వంచినట్టే దువ్వుతూ ఉంది. తలెత్తి చూసేసరికి ఇంత పొడుగు పడుగు పక్కన ఒక్క మనిషి లేడు. "ఏడ సచ్చిండ్రే అందరు? పడుగు ఎండుతాంది! ఓ పిల్లా! ఓ కొడుకా!" అని వాడ దద్దరిల్లేలా అరిచింది. అంతలో తనిఖీ సారు తిరిగి వస్తూ ఎదురయ్యాడు. ఆమెకు ఆయన ఎవరో తెలియదు, తెలుసుకొనే ఓపిక లేదు.

"ఏం జూస్తున్నవ్ కొడుకా! గా కొస వట్టు! జారుతాంది!"

తలుపు సందులోంచి చూస్తున్నాను. ఆయన సంచి చంకలో పెట్టుకొని, తెల్ల ప్యాంటుతో, కొయ్య పట్టుకున్నాడు! ఎందుకు పట్టుకున్నాడో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. బాపమ్మ గొంతు అలాంటిది.

"అమ్మా, పిల్లలంతా ఎక్కడ?" అని అడిగాడు. ఆమెకు వినిపించలేదు. మళ్లీ గట్టిగా అడిగాడు. "ఆఁ?" అంది. ఇక ఆయన గొంతు చించుకున్నాడు. "నేను బడి చూడటానికి వచ్చానమ్మా! బడి సారుని! పోలీసుని కాదు! పిల్లలు ఎక్కడ?"

ఆ అరుపు బాపమ్మకు సగమే వినిపించింది గానీ, మూసిన ప్రతి తలుపు వెనకా పూర్తిగా వినిపించింది. ముందు మూడో ఇంటి తలుపు తెరుచుకుంది. ఆ పిల్లగాడి తల్లే. అందరికంటే ఎక్కువ భయం ఉండాల్సింది ఆమెకు. కొడుకును లోపలే ఉంచి, చిన్న కూతురి చెయ్యి పట్టుకొని బయటికొచ్చి, కుంచె తీసుకొని పడుగు పక్కన నిలబడింది.

మా సారు తెలివైనవాడు. రిజిస్టరు పట్టుకొని పరుగెత్తుకొచ్చి మా పక్కింటి అరుగెక్కాడు. "ఒకటో నంబర్!" అన్నాడు. "ఉన్న సార్!" అని ఒక సందులోంచి. "రెండు!" "ఉన్న సార్!" పిలిచినకొద్దీ తలుపులు తెరుచుకుంటున్నాయి. వచ్చినవాళ్లు వచ్చినట్టే పడుగుకు అటొకరు ఇటొకరు నిలబడి విడిపోయిన పోగులు సర్దుతున్నారు, తల్లులు కుంచెలు పట్టారు. ఎండ ఎక్కుతోంది మరి, పడుగు ఆగదు కదా. తనిఖీ సారు కొయ్య వదల్లేక, తలతోనే లెక్కపెడుతున్నాడు. పదకొండో నంబరు ఆటలమ్మ పిల్లాడు. వాళ్లమ్మ వేపమండతో సహా గడపదాకా ఎత్తుకొచ్చింది, వాడు అక్కణ్నుంచే చెయ్యెత్తాడు.

మగపిల్లలయ్యాక ఆడపిల్లలు. అందరి చివర నేను. "ఇరవై!" అన్నాడు సారు.

బాపు చెయ్యి నా నోటి మీదే ఉంది.

"ఇరవై నంబర్!"

అవ్వ బాపు వైపు చూస్తూ నిలబడింది. బాపు తలుపు సందులోంచి బయటికి చూస్తున్నాడు. అక్కడ దువ్వుతున్నది ఆయన పడుగునే. ఇంటింటి పిల్లలూ, జీపంటే వణికే ఆడవాళ్లూ, చెవుడున్న తల్లీ, ఆఖరికి ఆ తెల్ల ప్యాంటు సారూ ఆయన పడుగు పట్టుకొని నిలబడ్డారు. ఆయనొక్కడే తలుపు వెనక.

మూడోసారి సారు గొంతు చిన్నబోయింది. "ఇరవై…"

బాపు తలుపును కాలితో తన్నాడు. రెండు రెక్కలూ గోడకు కొట్టుకున్నాయి. "ఉన్నది సార్!" అని అరిచాడు. "మా పిల్ల ఉన్నది! రాసుకోండ్రి!" నన్ను ముందుకు తోసి, తను వెళ్లి తనిఖీ సారు చేతిలోంచి కొయ్య అందుకున్నాడు.

అంత గొంతు మా బాపుకు ఉందని నాకు ఆ రోజు దాకా తెలియదు.

తనిఖీ సారు రాసింది కొట్టేసి మళ్లీ రాశాడు. బాపమ్మ ఆయనకు సర్వపిండి పెట్టింది, నూలు షావుకారు మనిషనుకొని నేత కూలి పెంచమని కూడా అడిగింది. ఆయన పట్టిన కొస వైపు పోగులు కొంత చిక్కుపడ్డాయి. నెలంతా నేస్తూ ఆ భాగం వచ్చినప్పుడల్లా బాపు "సారు పట్టిన కొస" అని గొణిగేవాడు. గొణుగుడులో నవ్వు ఉండేది. నేను ఐదో తరగతి అక్కడే చదివాను. ఆరో తరగతికి పోలీసు క్యాంపు దాటి రోడ్డవతలి బడికి నన్ను రోజూ సైకిల్ మీద దింపింది బాపే. ఎవరూ అడగలేదు, ఎవరూ బతిమాలలేదు.

అందుకే నా మాట ఒక్కటే. పెద్ద పిల్లలకు పెద్ద బడి కావాలి, కాదనను. చిన్నపిల్లల బడి మాత్రం తల్లి కేకేస్తే వినబడేంత దూరంలోనే ఉండాలి. బడి దూరమైతే ముందు ఆగిపోయేది ఎవరో నాకు తెలుసు. నోరులేనిది, చివరి నంబరుది. ఆటో వారం వస్తుంది, రెండు వారాలు వస్తుంది. రాని రోజున ఆ పిల్ల ఇంట్లో ఉంటుంది, మర్నాడూ ఉంటుంది. ముప్పై ఏళ్లు ఇళ్లు తిరిగినదాన్ని, అలా ఇంట్లో ఉండిపోయిన ఆడపిల్లలకు ఎంతమందికి పదహారేళ్లకే కాన్పు చేశానో నన్నడగండి.

"అయితే అభ్యంతరం ఎవరికీ లేదని రాసుకుంటున్నాను" అన్నాడు ఆ అధికారి, పెన్ను తీస్తూ.

మేనకోడలు నా మోచెయ్యి గిల్లింది. చాప మీద చివర ఒక చిన్నపిల్ల వాళ్లమ్మ ఒళ్లో కూర్చొని పెన్ను వైపే చూస్తోంది. వాళ్లమ్మ దాని తల నిమురుతోంది గానీ నోరు తెరవడం లేదు. భయస్తురాలు. ఆనాటి మా బాపులాగే తలుపు వెనక ఉంది పాపం.

నేను కుర్చీలోంచి లేచాను.

"ఉన్నది సార్!" అన్నాను. "నాకు ఉన్నది. రాసుకోండ్రి!"

వంటమనిషి గంటె పట్టుకొని వెనకనుంచి తొంగిచూసింది. మా బాపు గొంతే అది, అచ్చంగా. ఒక క్షణం ఆగి, చాప మీది ఆ తల్లి కూడా చెయ్యెత్తింది. ఆమె వెనక గోడకు ఆనుకున్న ఒకాయన ఫోను జేబులో పెట్టుకొని చెయ్యెత్తాడు. ఆ అధికారి పెన్ను ఆపి, చేతులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.